చేతులు కడుక్కున్న 205 మంది

1993 మే 11న లోక్‌సభలో ఒక సుప్రీంకోర్టు న్యాయమూర్తిని పదవి నుంచి తొలగించాలన్న తీర్మానం మీద ఓటింగు జరిగింది. అనుకూలంగా 196 మంది ఓటు వేశారు. వ్యతిరేకంగా ఒక్కరు కూడా వేయలేదు. అయినా తీర్మానం ఓడిపోయింది. సభకు వచ్చి, సభలోనే కూర్చుని, ఏ వైపూ ఓటు వేయకుండా ఉండిపోయినవారు 205 మంది.

ఈ లెక్క విన్న యౌవనస్థులు మొదట అడిగే ప్రశ్న ఒకటే: 196 మీద సున్నా ఎలా గెలిచింది? ఆ ప్రశ్నకు జవాబు తెలిస్తే మన రాజ్యాంగంలోని ఒక గొప్ప రక్షణను పార్టీ పక్షపాతం ఎలా గుల్ల చేస్తున్నదో తెలుస్తుంది. రాజకీయాలు విశ్వాసులకెందుకని అనుకునేవారు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. కానీ ఈ విషయం అధికారంలో ఉన్నవారిని ఎవరు జవాబు అడగగలరు అన్నదానికి సంబంధించినది. పేదలకు, దళితులకు, అల్పసంఖ్యాకులకు ఇంతకన్నా దగ్గరి విషయం మరొకటి లేదని మేము నమ్ముతున్నాము.

రాజ్యాంగం ఎత్తైన గడప ఎందుకు కట్టింది?

మామూలు చట్టానికి సభలో హాజరై ఓటు వేసినవారిలో సగానికి ఒకరు ఎక్కువ ఉంటే చాలు. కానీ కొన్ని పనులకు అది చాలదని రాజ్యాంగ నిర్మాతలు అనుకున్నారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించాలంటే 124వ అధికరణ రెండు షరతులు పెట్టింది. ఒకటి, హాజరై ఓటు వేసినవారిలో మూడింట రెండు వంతులు. రెండు, సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించి. ఈ రెండూ ఉభయ సభల్లో, ఒకే సమావేశ కాలంలో నెరవేరాలి. హైకోర్టు న్యాయమూర్తులకూ ఇదే పద్ధతి. రాష్ట్రపతిని అభిశంసించాలంటే 61వ అధికరణ ప్రకారం మొత్తం సభ్యుల్లోనే మూడింట రెండు వంతులు కావాలి. రాజ్యాంగ సవరణలకూ 368వ అధికరణ ఇలాంటి ప్రత్యేక మెజారిటీనే అడుగుతుంది.

ఈ గడప ఎత్తుగా ఎందుకుంది? ప్రభుత్వానికి నచ్చని తీర్పు ఇచ్చాడని ఒక న్యాయమూర్తిని ఇంటికి పంపకూడదు. ఈ రోజు గెలిచిన పార్టీ రేపటి తరాల హక్కులను ఒక్క ఓటు తేడాతో చెరిపేయకూడదు. అలాంటి పని చేయాలంటే తన పక్షంతో పాటు ఎదుటి పక్షాన్ని కూడా ఒప్పించాలి. మూడింట రెండు వంతులు అన్న మాటకు అసలు అర్థం అదే.

అయితే ఈ ఏర్పాటు వెనుక ఒక నమ్మకం ఉంది. సభ్యులు పార్టీ పేరుతో గెలిచినా, ఇలాంటి ఘడియ వచ్చినప్పుడు సాక్ష్యం చూసి ఓటు వేస్తారన్న నమ్మకం. ఆ నమ్మకం పోతే ఎత్తైన గడప బలవంతులకు గోడ అవుతుంది, లేదా గెలిచిన పార్టీకి గుమ్మమే అవుతుంది. మన దేశంలో, మన తెలుగు రాష్ట్రాల్లో ఈ రెండూ జరిగాయి.

ఓటు వేయకుండానే ఓడించడం

1993 నాటి తీర్మానం జస్టిస్ వి. రామస్వామి మీద వచ్చింది. ఆయన పంజాబ్, హర్యానా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నప్పుడు అధికార నివాసం కోసం ప్రజల సొమ్మును విచ్చలవిడిగా ఖర్చు చేశారన్నది ప్రధాన ఆరోపణ. 108 మంది ఎంపీలు సంతకాలు చేశారు. 1991లో అప్పటి స్పీకర్ రబీ రే నోటీసును స్వీకరించి ముగ్గురు సభ్యుల కమిటీని వేశారు. జస్టిస్ పి.బి. సావంత్, జస్టిస్ పి.డి. దేశాయ్, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి ఆ కమిటీలో ఉన్నారు.

చిన్నపరెడ్డి గారు మన తెలుగువారు. 1986లో కేరళలో జాతీయ గీతం పాడలేదని బడి నుంచి వెళ్లగొట్టబడిన ముగ్గురు యెహోవా సాక్షుల పిల్లలకు న్యాయం చేస్తూ తీర్పు రాసింది ఆయనే. ఆ పిల్లల సిద్ధాంతంతో మనకు ఏకీభావం లేకపోవచ్చు. కానీ మనస్సాక్షి స్వేచ్ఛ గురించి ఆ తీర్పు ఇచ్చిన నీడలో మనమందరమూ ఉన్నాము. అలాంటి మనిషి కూర్చున్న కమిటీ సాక్ష్యాలన్నీ పరిశీలించి, 14 ఆరోపణల్లో 11 రుజువయ్యాయని తేల్చింది.

అప్పుడు ప్రధాని మరో తెలుగువారు, పి.వి. నరసింహారావు గారు. కాంగ్రెస్ పార్టీ విప్ జారీ చేయలేదు. మనస్సాక్షి ప్రకారం నడుచుకోండని సభ్యులకు చెప్పింది. విచిత్రమేమిటంటే ఆ పార్టీ సభ్యులందరి మనస్సాక్షీ ఒకేసారి ఒకే మాట చెప్పింది: ఓటు వేయవద్దు. కాంగ్రెసూ దాని మిత్రులూ కలిసి 205 మంది అలా ఉండిపోయారు. వేసిన ఓట్లన్నీ తీర్మానానికే పడ్డాయి కాబట్టి మొదటి షరతు నెరవేరింది. కానీ సభ మొత్తం సభ్యుల్లో సగానికి మించాలన్న రెండో షరతుకు 270 దాటి ఓట్లు కావాలి. 196 చాలలేదు. ఆ న్యాయమూర్తి 1994 ఫిబ్రవరిలో పదవీ విరమణ చేసేదాకా న్యాయమూర్తిగానే కొనసాగారు.

ఈ ఎత్తుగడలోని తెలివి గమనించండి. వ్యతిరేకంగా ఓటు వేస్తే నియోజకవర్గానికి వెళ్లి జవాబు చెప్పుకోవాలి. ఓటు వేయకపోతే జవాబు చెప్పే పనే లేదు. మేము అడ్డుకోలేదు అనవచ్చు, అడ్డుకోనూవచ్చు.

ఇది ఒక దేశపు జబ్బు కాదు. 2024 డిసెంబరు 3 రాత్రి దక్షిణ కొరియా అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ సైనిక పాలన ప్రకటించారు. డిసెంబరు 7న అభిశంసన ఓటింగు పెడితే ఆయన పార్టీ సభ్యుల్లో దాదాపు అందరూ సభ విడిచి వెళ్లిపోయారు. 300 మంది సభలో 200 ఓట్లు కావాలి. పడినవి 195. పెట్టెలు లెక్కించకుండానే తీర్మానం పడిపోయింది. కానీ అక్కడి ప్రజలు ఊరుకోలేదు. చలిలో సభ బయట నిలబడ్డారు. వారం తిరగకుండా డిసెంబరు 14న మళ్లీ ఓటింగు జరిగితే 204 మంది అవునన్నారు. అధికార పార్టీలో కొందరు పార్టీ గీత దాటారు. 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవంగా ఆయనను తొలగించింది.

అమెరికాలో 2021 ఫిబ్రవరి 13న డొనాల్డ్ ట్రంప్ రెండో అభిశంసన విచారణలో 57 మంది సెనేటర్లు దోషి అన్నారు, 43 మంది కాదన్నారు. కావలసింది 67. సొంత పార్టీలో ఏడుగురు గీత దాటినా చాలలేదు. అదే దేశంలో 1974లో నిక్సన్ ఎందుకు దిగిపోయారు? సెనేట్‌లో ఆయనను కాపాడే ఓట్లు లేవని సొంత పార్టీ పెద్దలే వెళ్లి ముఖాన చెప్పారు కాబట్టి. ఆ రెండు సందర్భాల్లో రాజ్యాంగం ఒకటే, గడప ఒకటే. సొంత మనుషులు చేసిన పని మాత్రం వేరు.

తలుపు దగ్గరే ఆపేయడం

రెండో దారి తీర్మానాన్ని ఓటింగు దాకా రానివ్వకపోవడం. 1968 నాటి న్యాయమూర్తుల విచారణ చట్టం ప్రకారం నోటీసుకు లోక్‌సభలో 100 మంది, లేదా రాజ్యసభలో 50 మంది సంతకాలు కావాలి. దాన్ని స్వీకరించాలా వద్దా అన్నది స్పీకర్ లేదా చైర్మన్ చేతిలో ఉంటుంది. ఎన్ని రోజుల్లో నిర్ణయించాలో ఆ చట్టం చెప్పలేదు.

2016 డిసెంబరులో హైదరాబాదులోని ఉమ్మడి హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ సి.వి. నాగార్జున రెడ్డి మీద రాజ్యసభ సభ్యులు 60 మందికి పైగా నోటీసు ఇచ్చారు. కడప జిల్లా రాయచోటిలో పనిచేసిన ఒక దళిత జూనియర్ సివిల్ జడ్జిని వేధించారన్నది అందులోని ముఖ్య ఆరోపణ. తర్వాత సంతకాలు చేసినవారిలో కొందరు తమ సంతకాలను వెనక్కి తీసుకున్నారు. విషయం విచారణ దాకా వెళ్లలేదు. ఆ ఆరోపణ నిజమో అబద్ధమో చెప్పే అధికారం మాకు లేదు. మేము అడిగేది అది కాదు. సంతకం పెట్టిన రోజున ఎంపీకి కనిపించిన న్యాయం, వెనక్కి తీసుకున్న రోజున ఎక్కడికి పోయింది? విచారణ జరగకపోవడం వల్ల ఫిర్యాదు చేసిన దళితుడికి జవాబు దొరకలేదు. నిర్దోషి అని నిరూపించుకునే అవకాశం ఆ న్యాయమూర్తికీ దొరకలేదు. పక్షపాతం ఇద్దరికీ అన్యాయం చేసింది.

2018 ఏప్రిల్‌లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రా మీద 64 మంది రాజ్యసభ సభ్యులు నోటీసు ఇచ్చారు. సంతకాలన్నీ ప్రతిపక్షాలవే. మూడు రోజుల్లోనే చైర్మన్ వెంకయ్య నాయుడు గారు దాన్ని తిరస్కరించారు. 1993లో రామస్వామి తరఫున లోక్‌సభలో వాదించిన కపిల్ సిబల్ గారే 2018లో ఈ నోటీసుకు ముందు నిలబడ్డారు. 1993లో ఓటుకు దూరంగా ఉన్న పార్టీ 2018లో సంతకాలు సేకరించింది. 1993లో తొలగించాలని ఓటు వేసిన పార్టీ 2018లో నోటీసే తప్పన్నది. ఇక్కడ ఏ పార్టీనీ ప్రత్యేకంగా వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు. కుర్చీలు మారితే సూత్రాలు కూడా మారాయి అన్నదే మా బాధ.

2024 డిసెంబరులో విశ్వ హిందూ పరిషత్ సభలో చేసిన ప్రసంగం మీద అలహాబాదు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ శేఖర్ కుమార్ యాదవ్‌ను తొలగించాలని 55 మంది ప్రతిపక్ష రాజ్యసభ సభ్యులు నోటీసు ఇచ్చారు. నెలల తరబడి సంతకాల పరిశీలన మాటే వినిపించింది. అదే 2025లో జస్టిస్ యశ్వంత్ వర్మ ఇంట్లో కాలిన నోట్లు కనిపించిన వ్యవహారంలో అధికార, ప్రతిపక్ష సభ్యులు 146 మంది సంతకాలు చేశారు. ఆగస్టు 12న స్పీకర్ ఓం బిర్లా కమిటీ వేశారు. మన కర్ణాటక సీనియర్ న్యాయవాది బి.వి. ఆచార్య గారు అందులో ఒకరు. రెండు పక్షాలూ కలిస్తే తలుపు ఎంత త్వరగా తెరుచుకుంటుందో, ఒక పక్షమే తట్టితే ఎంతకాలం మూసి ఉంటుందో ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

మూడింట రెండు వంతులను జేబులో వేసుకోవడం

మూడో దారి మన తెలుగు రాష్ట్రాలకు బాగా తెలిసినది. శాసన మండలి ఉండాలా వద్దా అన్నదానికి 169వ అధికరణ శాసనసభలో ప్రత్యేక మెజారిటీ తీర్మానం అడుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ హయాంలో 1985లో మండలి రద్దయింది. వైఎస్ రాజశేఖరరెడ్డి హయాంలో 2007లో తిరిగి వచ్చింది. 2020 జనవరిలో మూడు రాజధానుల బిల్లులను మండలి సెలెక్ట్ కమిటీకి పంపింది. కొద్ది రోజులకే, జనవరి 27న, మండలినే రద్దు చేయాలని శాసనసభ 133–0 ఓట్లతో తీర్మానించింది. ప్రతిపక్షం సభకు రాలేదు. తర్వాత మండలిలో బలం మారింది. 2021 నవంబరు 23న అదే శాసనసభ ఆ తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది.

కోపం వచ్చినప్పుడు రద్దు, బలం వచ్చాక వద్దు. రాజ్యాంగం అడిగిన లెక్క సరిపోయింది. రాజ్యాంగం కోరిన ఏకాభిప్రాయం మాత్రం ఒక్క రోజూ లేదు. 2019లో 175 స్థానాల్లో 151 ఒక పార్టీకి, 2024లో 164 ఒక కూటమికి వచ్చాయి. ఇలాంటి సభల్లో మూడింట రెండు వంతులు అంటే ఎదుటివారిని ఒప్పించడం కాదు, నాయకుడు తల ఊపడమే.

ఎన్నికల్లో రాకపోతే తర్వాత సమకూర్చుకోవచ్చు. ఫిరాయింపుల నిరోధక చట్టం 1985లో వచ్చింది. అందులో ఒక మినహాయింపు ఉంది. శాసనసభా పక్షంలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే అది విలీనం, ఫిరాయింపు కాదు. 2019 జూన్‌లో తెలంగాణలో కాంగ్రెస్‌కు మిగిలిన 18 మందిలో 12 మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. అదే నెలలో తెలుగుదేశం రాజ్యసభ సభ్యులు ఆరుగురిలో నలుగురు బీజేపీలో చేరారు. పన్నెండు, నాలుగు – రెండు చోట్లా సరిగ్గా మూడింట రెండు వంతులు, ఒక్కరు ఎక్కువ లేరు. ప్రజల తీర్పును కాపాడడానికి పెట్టిన లెక్కే ప్రజల తీర్పును దాటే నిచ్చెన అయింది.

స్థానిక సంస్థల్లోనూ ఇదే కథ. 2025 ఏప్రిల్ 19న మహా విశాఖ నగరపాలక సంస్థ మేయర్ మీద పెట్టిన అవిశ్వాసానికి 111 మందిలో 74 ఓట్లు కావాలి. సరిగ్గా 74 పడ్డాయి. రాష్ట్రంలో ప్రభుత్వం మారాక కార్పొరేటర్లు పార్టీలు మారారు. మేయర్ పార్టీ సమావేశానికి రాలేదు. 2023 డిసెంబరులో తెలంగాణలో ప్రభుత్వం మారాక అక్కడి మున్సిపాలిటీల్లోనూ వరుసగా అవిశ్వాసాలు, క్యాంపులు చూశాము. ఆ చైర్మన్లలో, మేయర్లలో ఎవరు మంచిగా పనిచేశారు, ఎవరు చేయలేదు అన్న చర్చ ఎక్కడ జరిగింది? డ్రైనేజీ, తాగునీరు, పన్నుల సొమ్ము గురించి ఒక్క ప్రశ్న వేయకుండానే కుర్చీలు మారిపోయాయి.

మన బీదర్ పల్లెల్లో గ్రామ పంచాయతీ ఎన్నికలు పార్టీ గుర్తులు లేకుండా జరుగుతాయి. అక్కడ కూడా అధ్యక్షుడిని దింపాలంటే మూడింట రెండు వంతుల సభ్యుల ఓటు కావాలి. కాగితం మీద పార్టీ లేకపోయినా వార్డు సభ్యులు ఏ నాయకుడి మనుషులో ఊరందరికీ తెలుసు. రిజర్వేషన్ మీద గెలిచిన దళిత స్త్రీ అధ్యక్షురాలిగా కూర్చున్న చోట ఈ లెక్క ఎవరి చేతిలో ఆయుధమవుతుందో మన సంఘాల్లోని అక్కలను, అమ్మలను అడగండి.

గడప తగ్గించడం పరిష్కారమా?

ఇన్ని చూశాక కొందరు అంటారు: మూడింట రెండు వంతులు ఎప్పటికీ కుదరవు, మామూలు మెజారిటీ చాలని మార్చేస్తే పోదా? మేము ఒప్పుకోము. గడప తగ్గిస్తే మొదట దెబ్బ తినేది అధికారానికి ఎదురు తీర్పులు ఇచ్చే న్యాయమూర్తులు. తర్వాత దెబ్బ తినేది ఓట్ల లెక్కలో ఎప్పుడూ తక్కువగా ఉండే మనలాంటివారు.

పైగా గడప ఎత్తు ఒక్కటే అడ్డంకి అయితే, గడప లేని చోట న్యాయం సులువుగా జరగాలి కదా? దళిత క్రైస్తవుల విషయం చూడండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మనలను షెడ్యూల్డ్ కులాల జాబితా బయట పెట్టింది. దాన్ని మార్చడానికి రాజ్యాంగ సవరణ అక్కరలేదు. పార్లమెంటులో మామూలు చట్టం చాలు. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు అలాగే దారి తెరిచారు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మనకూ ఇవ్వాలని చెప్పింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. ఢిల్లీలో పార్టీలు మారాయి, కూటములు మారాయి. ఆ మామూలు మెజారిటీ మాత్రం ఇంతవరకు కూడలేదు. కాబట్టి కొరత అంకెల్లో లేదు, మనసుల్లో ఉంది.

మనసు ఉంటే ఎత్తైన గడపను కూడా దాటవచ్చు. అందుకు సాక్ష్యం మన బీదరే. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండి, తర్వాత కన్నడ నాడులో కలిసిన మన ప్రాంతం వెనుకబడిపోయిందని ఏళ్ల తరబడి పోరాటం జరిగింది. 2012 డిసెంబరులో పార్లమెంటు 98వ రాజ్యాంగ సవరణను ఆమోదించింది. అధికార, ప్రతిపక్షాలు కలిసి ఓటు వేశాయి. బీదర్, కలబురగి, యాదగిరి, రాయచూరు, కొప్పళ, బళ్లారి జిల్లాలకు 371జె అధికరణ వచ్చింది. ఈ రోజు మన పిల్లలు మెడికల్, ఇంజినీరింగ్ సీట్లలో, ప్రభుత్వ ఉద్యోగాల్లో స్థానిక కోటా పొందుతున్నారంటే అది ఏ ఒక్క పార్టీ ఇచ్చిన వరమూ కాదు. రెండు పక్షాలూ ఒక్కసారి ప్రజల వైపు చూసిన ఫలితం.

2011 ఆగస్టు 18న కూడా అలాగే జరిగింది. కోర్టు రిసీవరుగా ఉన్నప్పుడు సొమ్ము దుర్వినియోగం చేశారని కలకత్తా హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ సౌమిత్ర సేన్ మీద రాజ్యసభలో తీర్మానం వచ్చింది. విచారణ కమిటీకి అధ్యక్షత వహించింది మన తెలుగువారైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి గారు. కాంగ్రెస్, బీజేపీ, వామపక్షాలు ఒకే వైపు నిలిచాయి. 189 మంది అవునన్నారు, 17 మంది కాదన్నారు. లోక్‌సభకు రాకముందే ఆయన రాజీనామా చేశారు. అభిశంసన పనిచేయదని ఎవరైనా అంటే ఈ సంఖ్య చూపించండి.

మన మనిషి అయితే?

ఇప్పుడు కొంచెం కష్టమైన మాట. జస్టిస్ పి.డి. దినకరన్ మన కర్ణాటక హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నప్పుడు, 2009లో, తమిళనాడులోని కావేరిరాజపురంలో ప్రభుత్వ భూమిని ఆక్రమించారన్న ఆరోపణ వచ్చింది. ఆయన దాన్ని ఖండించారు. 75 మంది రాజ్యసభ సభ్యులు సంతకాలు చేశారు, కమిటీ ఏర్పడింది, 16 అభియోగాలు రూపొందాయి. విచారణ పూర్తికాకముందే 2011 జూలైలో ఆయన రాజీనామా చేశారు. విచారణ అక్కడితో ఆగిపోయింది.

ఆయన దళితుడు. దళితుడు కాబట్టే లక్ష్యంగా చేసుకున్నారని అప్పట్లో చాలామంది అన్నారు. ఉన్నత న్యాయస్థానాల్లో దళితులు ఎంత తక్కువో తెలిసినవారికి ఆ అనుమానం రావడం సహజం. ఆ అనుమానాన్ని మేము కొట్టిపారేయము. కానీ భూమి లేని పేదలు కూడా ఆ ఊరిలో ఉన్నారు. మన మనిషి అన్న మాట న్యాయమూర్తి దాకానే వెళ్తుందా, ఆ పేదల దాకా కూడా వెళ్తుందా? అనుమానం ఉన్నప్పుడు అడగవలసింది న్యాయమైన విచారణను. విచారణే వద్దనడం కులం పేరుతో చేసే మరో పార్టీతనం. మన ఎదుటివారి విషయంలో సాక్ష్యం అడిగి, మనవారి విషయంలో జాలి అడిగితే, 1993లో చేతులు ముడుచుకు కూర్చున్నవారికీ మనకూ తేడా ఏమిటి?

వాక్యం ఏమి నేర్పుతుంది?

చేతులు ముడుచుకోవడం గురించి సువార్తలు మనకు ఒక గొప్ప పాఠం చెప్పాయి. పిలాతు యేసులో ఏ దోషమూ కనుగొనలేదు. ఆ మాట పైకి చెప్పాడు కూడా. అయినా విడిపించలేదు, నీళ్లు తెప్పించి చేతులు కడుక్కున్నాడు. అది కూడా ఒక రకమైన ఓటు వేయకపోవడమే. చరిత్ర దాన్ని నిర్దోషిత్వంగా లెక్కపెట్టలేదు.

అదే యెరూషలేములో, అదే మహాసభలో ఇద్దరు మనుషులు ఉన్నారు. నీకొదేము తన తోటి పెద్దల మధ్య లేచి, ఒక మనిషి మాట వినకుండా తీర్పు తీర్చడం మన ధర్మశాస్త్రంలో ఉందా అని అడిగాడు. వాళ్లు ఆయనను ఎగతాళి చేశారు. నువ్వు కూడా గలిలయవాడివేనా అన్నారు. విషయానికి జవాబు లేనప్పుడు నీది ఏ పక్షం అని అడగడం ఆనాటి నుంచీ ఉన్న అలవాటే. అరిమతయియ యోసేపు కూడా ఆ సభలో సభ్యుడే. సభ ఆలోచనకు ఆయన సమ్మతించలేదని లూకా ప్రత్యేకంగా రాశాడు. వారిద్దరి అసమ్మతి ఆ రోజు ఫలితాన్ని మార్చలేదు. కానీ దేవుని వాక్యం ఆ అసమ్మతిని మరచిపోలేదు.

నాతాను ప్రవక్త దావీదుకు శత్రువు కాడు, రాజు మేలు కోరినవాడు. అందుకే ఊరియా విషయంలో రాజు ముఖాన నిజం చెప్పగలిగాడు. పార్టీలో ఉన్న క్రైస్తవుడు చేయవలసిన పని అదే. పార్టీలో చేరవద్దని మేము చెప్పము. మన యౌవనస్థులు పార్టీల్లో ఉండాలి, పోటీ చేయాలి, గెలవాలి. కానీ అహాబు దగ్గర ఉన్న నాలుగువందల మంది ప్రవక్తల్లో ఒకరిగా కాక, మీకాయాలా ఉండాలి.

ఏమి అడగాలి, ఏమి చేయాలి?

ప్రభుత్వాన్ని, పార్లమెంటును మనం అడగవలసినవి ఇవి. అభిశంసన తీర్మానాల మీద, రాజ్యాంగ సవరణల మీద ఏ పార్టీ విప్ జారీ చేయకూడదు. అలాంటి ఓటు వల్ల ఎవరి సభ్యత్వమూ పోకూడదు. ప్రభుత్వ మనుగడకు సంబంధించిన ఓట్లకే అనర్హత పరిమితం కావాలని 1990లోనే దినేశ్ గోస్వామి కమిటీ సూచించింది. అభిశంసన ఓటింగులో సభలో ఉండి ఓటు వేయని సభ్యుడు కారణాన్ని రాతపూర్వకంగా సభకు ఇవ్వాలి, అది ప్రజలకు కనిపించాలి. నోటీసు మీద స్పీకర్ లేదా చైర్మన్ ఎన్ని రోజుల్లో నిర్ణయించాలో చట్టంలో రాయాలి. సమర్పించిన సంతకాన్ని వెనక్కి తీసుకునే వీలు ఉండకూడదు. రాజీనామా చేసినంత మాత్రాన విచారణ ఆగిపోకూడదు, నివేదిక బయటికి రావాలి. ఫిరాయింపుల కేసులను స్పీకర్ చేతిలోంచి తీసి స్వతంత్ర ట్రిబ్యునల్‌కు అప్పగించే విషయం ఆలోచించమని 2020లో సుప్రీంకోర్టే పార్లమెంటుకు చెప్పింది. తెలంగాణలో పది మంది ఎమ్మెల్యేల విషయంలో మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న అదే కోర్టు స్పీకర్‌కు చెప్పవలసి వచ్చింది. అంటే ఆ ఆలోచన ఇక వాయిదా వేయదగినది కాదు.

మన చేతిలో ఉన్న పనులూ ఉన్నాయి. ఎన్నికలప్పుడు మన సంఘాలకు వచ్చే అభ్యర్థులను సమాధి స్థలం, కమ్యూనిటీ హాలు మాత్రమే అడగకండి. మీ పార్టీ నాయకుడు తప్పు చేసినట్టు విచారణలో తేలితే మీరు ఎలా ఓటు వేస్తారు అని కూడా అడగండి. జవాబును రాసి పెట్టుకోండి. మీ ఎంపీ ఏ ముఖ్యమైన ఓటింగులో ఏ వైపు ఉన్నాడో, ఎప్పుడు గైర్హాజరయ్యాడో తెలుసుకోండి. యౌవనస్థుల కూడికల్లో నెలకు ఒక్కసారి రాజ్యాంగంలోని ఒక అధికరణను చదివి చర్చించండి.

మన ఇంటిని కూడా సరిచేసుకోవాలి. సంఘ కమిటీలకు, మహాసభలకు జరిగే ఎన్నికల్లో ప్యానెళ్లు, విందులు, ప్యానెల్ చెప్పినట్టే చేతులెత్తడం మనకు కొత్త కాదు. లెక్కలు చెప్పని కోశాధికారిని తొలగించే తీర్మానం వచ్చినప్పుడు ఆయన ఏ వర్గమో చూసి ఓటు వేసేవారు, పార్లమెంటులో ఎవరినీ తప్పుపట్టలేరు. రహస్య ఓటు పెట్టండి. లెక్కలు గోడ మీద అతికించండి. మన మందిరంలో నేర్చుకోని నిజాయితీని మన పిల్లలు అసెంబ్లీలో చూపించలేరు.

మన జిల్లాలోని బసవకల్యాణంలో పన్నెండో శతాబ్దంలో శరణులు అనుభవ మంటపంలో కూర్చునేవారు. చెప్పులు కుట్టేవాడు, పడవ నడిపేవాడు, స్త్రీలు, పండితులు ఒకే చోట మాట్లాడుకున్నారు. మనిషి మాటలో ఉన్న సత్యాన్ని చూడాలి, వాడి వర్గాన్ని కాదు అన్నది ఆ నేల నేర్పిన సంగతి. మన విశ్వాసం నేర్పే సంగతీ అదే.

రేపు మన ఊరి పంచాయతీలోనో, మన సంఘంలోనో, మన పార్లమెంటులోనో ఎవరో ఒకరి తప్పు తేలుతుంది. అప్పుడు ఎవరి మనిషి అని అడిగేవారు చాలామంది ఉంటారు. ఏమి చేశాడు, సాక్ష్యం ఏమిటి అని అడిగేవారిగా ప్రభువు మనలను నిలబెట్టును గాక.